మన బిడ్డల చిత్రలేఖన విద్య: పనిశాల మొదలు ఉన్నత పాఠశాల వఱకు

మన మహాసభల ప్రత్యేక సంచికలయందు పూర్వుల మహిమను గూర్చిన వ్యాసములకు కొదువ లేదు. మను మయ త్వష్ట శిల్పి విశ్వజ్ఞుల వృత్తాంతము, శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి చరిత్రము, 1818 నాటి చిత్తూరు అదాలతు తీర్పు యేటేట అచ్చుపడుచునే యున్నవి, పడవలసినవే. కాని మన బిడ్డలు పండ్రెండేండ్ల ప్రాయమున బడిబల్ల ముందు గూర్చుండి పెన్సిలుతో గీయు గీతకును, వారి తాతలు ఉలితో గీసిన గీతకును నడుమ నేమి జరిగెనో తెలుపు వ్యాసము మా కంటబడలేదు. ఆ కొఱతను కొంతయైన దీర్పగోరి యీ చరిత్రమును వ్రాయుచున్నారము. కులవృత్తులను బొగడుట మా యుద్దేశము కాదు. చిత్రలేఖనము, రూపకల్పన యను విద్యలు ఉన్నత పాఠశాలలలోని కెట్లు వచ్చెను, వచ్చినపుడు మన యిండ్లలోని విద్య యేల గడప వెలుపల నిలిచిపోయెను, ఆ గడప నేడెంత యెత్తున నున్నది అను విషయములే మాకు బ్రస్తుతము.

పాఠశాలకు బూర్వము పనిశాల యుండెను. అందు చిత్రలేఖనమను ప్రత్యేక పాఠము లేదు. కంసాలి యింట బుట్టిన బాలుడు మొదట కుంపటియొద్ద గూర్చుండి ఊదుగొట్టము బట్టుట నేర్చును. ఆకురాయి రాపిడికి రాలిన పొడిని బోగుచేయుట నేర్చును. పిదప కమ్మచ్చున దీగ లాగును. నమూనా యనునది వానికి దెలియకయే కంటినుండి చేతికి దిగును. వడ్రంగి కుమారునకు మూలమట్టమే క్షేత్రగణితము. ఎఱ్ఱమన్ను పూసిన దారమును బిగలాగి విడిచినపుడు పలకపై బడు గీతయే సరళరేఖ. శిల్పి కుమారునకు దాళమానమే శరీరశాస్త్రము. ముఖప్రమాణమును దాళమని, తాళమును పండ్రెండంగుళములని విభజించి, నవతాళ ప్రతిమకు 108 అంగుళములు, ఉత్తమ దశతాళ ప్రతిమకు 124 అంగుళములు అని శాస్త్రము లెక్క గట్టినది. ఈ యంగుళము కొలబద్దమీది యంగుళము గాదు. ప్రతిమ పెద్దదైన పెరుగుచు, చిన్నదైన దరుగుచు నుండు భాగము. రూపకల్పన కళాశాలలయందు నేడు అనుపాతమను పేర మొదటియేట బోధింపబడు విషయమును మన శిల్పి బాలుడు మీసము రాకమునుపే కంఠస్థము చేసెడివాడు.

ఈ గృహవిద్యకు క్రమము లేదనియు, తండ్రిని జూచి కొడుకు గ్రుడ్డిగా ననుకరించుటయే యనియు గొందఱు వ్రాసిరి. అది సరికాదు. ఆనంద కుమారస్వామిగారు 1908లో బ్రకటించిన మధ్యయుగపు సింహళకళ యను గ్రంథమున, కండి ప్రాంతపు శిల్పికుటుంబముల పిల్లలు మొదట నిరువంకల వంపుగీత నొక్కదానిని అనేక పర్యాయములు గీసి, అది చేతికి వచ్చిన పిదప దానినే మెలిపెట్టి, జతపఱచి, తీగలు, పువ్వులు, పక్షులు గల్పించుట నేర్చుచుండిరని వర్ణించిరి. ఒక చిన్న రూపము నుండి వేయి రూపములను బుట్టించుట యను నీ పద్ధతిలో క్రమము లేదని యెవ్వరనగలరు? మన దేవాలయముల స్తంభములపై లతలను, కరీంనగరపు వెండితీగ పనిలోని చుట్టలను నిదానముగ జూచినవారికి ఆ పద్ధతియే యిచ్చటను గానవచ్చును.

శాస్త్రమును గూర్చి యొక్క ముచ్చట చెప్పక తప్పదు. ఐరోపావారికి మన వాస్తుశాస్త్రమును దొలుత దెలియజేసిన గ్రంథము రామరాజుగారిది. తంజావూరి ప్రాంతమువాడగు నాయన బెంగుళూరున న్యాయాధికారిగా నుండి, మానసారాది గ్రంథముల వ్రాతప్రతులను శ్రమకోర్చి సంపాదించెను. గ్రంథము 1834లో, ఆయన గతించిన పిదప, లండనున నచ్చయ్యెను. సంస్కృతపండితులకు ఆ గ్రంథములలోని పారిభాషిక పదములు బోధపడలేదు. కమ్మాళ కులజుడగు నొక శిల్పి తోడ్పడినపిదపనే యవి తేటపడినవి. ఆ శిల్పి పేరు గ్రంథమున లేదు. పుస్తకమునకు పండితుని పేరు, పనికి శిల్పి చేయి యను నేర్పాటు ఆనాటనే మొదలయ్యెనని మాకు దోచుచున్నది.

ఇంత చెప్పి మన లోపములను దాచుట ధర్మము గాదు. మన పెద్దలు నమూనాలను రహస్యములుగా దాచిరి. అల్లునికైనను జెప్పక అచ్చులను పెట్టెలో బెట్టి తాళము వేసికొనిన యిండ్లు గలవు. కొడుకు లేనివాని విద్య వానితోడనే కాటికి బోయెను. ఆడుపిల్ల వాకిట నంత చక్కగా ముగ్గు పెట్టుచుండగా, చుక్కలను లెక్కించి యిరుప్రక్కల సమముగా వంపులు దిప్పుచుండగా, ఆ చేతికి ఉలి గాని పట్టకారు గాని యియ్యవలెనను తలంపు మనకు గలుగలేదు. పాఠశాల చేసిన యన్యాయమును గూర్చి చెప్పుటకు ముందు పనిశాల చేసిన యీ యన్యాయమును జెప్పుకొనవలెను.

మఱియొక మాట. మన చేతులు పరదేశపు నమూనాను ముట్టవను నపవాద మొకటి గలదు. దీనికి విశాఖపట్టణమే సమాధానము. పదునెనిమిదవ శతాబ్దమున ఆ రేవునందు ఆంగ్లేయ వర్తకులు తమ దేశపు కుర్చీలు, బల్లలు, వ్రాతపెట్టెలు చూపగా, మన తెలుగు కంసాలివారు వానిని నల్లచేవ కఱ్ఱలతో జేసి, ఏనుగుదంతపు రేకులు పొదిగి, ఆ రేకులపై లతలను జెక్కి, చెక్కిన గాడులలో నల్లని లక్క నింపి, కాగితముపై సిరాతో గీసినట్లే చూపట్టునట్లు చేసిరి. ఆ వస్తువులు నేడు లండను నగరపు విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాల మొదలగు చోట్ల గాజుపెట్టెలలో నున్నవి. రూపము వారిది, అలంకారము మనది, పొంకము ఉభయులదియు. ఒకరి యవసరమును దెలిసికొని మఱియొకరి పనితనముతో దానిని దీర్చుటయే రూపకల్పన యైనచో, మనవారు దానిని ఏ కళాశాలయు బుట్టకముందే చేసియుండిరి.

ఇక బడిలోని చిత్రలేఖనము సంగతి. ఇది పుట్టినది మన దేశమున గాదు, ఇంగ్లండున. యంత్రములతో బట్టలు, పాత్రలు, తివాచీలు రాసులుగా జేయుచున్న యా దేశమునకు, ఫ్రెంచివారి వస్తువుల యందము ముందు తమ వస్తువులు వెలవెలబోవుచున్నవను భయము పట్టుకొనెను. అందుచే 1837లో లండనున ప్రభుత్వమువారు రూపకల్పన పాఠశాలను దెఱచిరి. 1851 సంవత్సరపు మహాప్రదర్శనమున హిందూదేశపు బట్టలు, లోహపుబనులు, పొదుగుడు పనులు చూచినవారు నివ్వెఱపడిరి. హెన్రీ కోలు, ఓవెను జోన్సు ప్రభృతులు ఆ వస్తువులను గొని తమ విద్యార్థులకు ఆదర్శములుగా నిలిపిరి. జోన్సు 1856లో బ్రకటించిన అలంకార వ్యాకరణమున మన దేశపు నమూనాల కొక ప్రకరణమే కేటాయింపబడెను. అదే కాలమున రిచర్డు రెడ్‌గ్రేవు 23 మెట్లుగల చిత్రలేఖన పాఠక్రమము నేర్పరచెను. సౌతు కెన్సింగ్టను పద్ధతి యని ప్రసిద్ధి కెక్కిన దిదియే. అచ్చుపటమును జూచి సరళరేఖలు గీయుట, పిదప వంపులు, పిదప సున్నపుబొమ్మలు జూచి ఛాయలు దిద్దుట, ఇట్లు మెట్టుమెట్టుగా నెక్కవలెను. స్వకల్పన యనునది చిట్టచివరి మెట్లపై నుండెను. ఆ మెట్ల వఱకు జేరినవారు కొలదిమంది.

వింత యేమనగా, మన నమూనాలు ఇంగ్లండు విద్యార్థుల కాదర్శములు గాగా, ఇంగ్లండున దయారైన పటములు, గ్రీకు ఆకుల సున్నపుబొమ్మలు మన విద్యార్థుల కాదర్శములై యోడలెక్కి వచ్చినవి. కంచి పట్టుచీర యంచున హంసను నేయగల చేయి, అకాంథసు అను పేరు దిరుగని యాకును గీయలేక పరీక్ష దప్పుటయు సంభవించెను. ఆ పద్ధతిని బ్రవేశపెట్టినవారందఱు దురుద్దేశులని మే మనము. 1870లో అమెరికా దేశపు మసాచుసెట్సు రాష్ట్రమువారు సైతము చట్టము చేసి, ఇంగ్లండునుండి వాల్టరు స్మిత్తును రప్పించి, యీ చిత్రలేఖనమునే తమ బడులలో బెట్టించిరి. యంత్రయుగమున జేయి తిరిగిన పనివాండ్రు కావలెనను కోరిక యది. ఆ కోరిక మన దేశమున కనువుపడినదా యని విచారింపక పోవుటయే దోషము.

మదరాసున 1850లో శస్త్రవైద్యుడగు అలెగ్జాండరు హంటరు స్వంతపు సొమ్ముతో కళాపాఠశాల దెఱచి, మఱుసటియేట పరిశ్రమల పాఠశాలను జేర్చెను. 1855లో దొరతనమువారు దానిని స్వీకరించిరి. కలకత్తా పాఠశాల 1854లోను, బొంబాయి జంషేడ్జీ జీజీభాయి పాఠశాల 1857లోను, లాహోరు మేయో పాఠశాల 1875లోను వెలసినవి. కావున దేశమున బ్రప్రథమము మదరాసుదే. కళాశాఖ, పరిశ్రమశాఖ యని రెండు విభాగము లుండుటయు, వృత్తికుటుంబముల పిల్లలు దఱచుగా రెండవదానియందే చేరుటయు గమనింపదగినది. ఒకే కప్పు క్రింద గళ యొక గదిలో, పని యొక గదిలో గూర్చుండినవి.

ఆ శతాబ్దపు చివరి పాతికయేండ్లలో, మదరాసు ప్రభుత్వపు సాంకేతిక పరీక్షలు వ్యాపించినవి. ఫ్రీహ్యాండు డ్రాయింగు, మోడలు డ్రాయింగు, జ్యామితి డ్రాయింగు, దూరదృశ్యలేఖనము అను పేళ్లతో హైస్కూలు బాలురు వానికి గూర్చుండుచు వచ్చిరి. డ్రాయింగు మాష్టరను నుద్యోగి పుట్టినది యీ పరీక్షలవలననే. ఈ పరీక్షలను మేము దూషింపజాలము. ఇంజనీరింగు శాఖలలో డ్రాఫ్ట్సుమనులుగా, రైలు కార్ఖానాలలో మేస్త్రీలుగా, పాఠశాలలలో డ్రాయింగు మాష్టరులుగా మన కుటుంబములు తొలిసారి నెలజీతము చూచినది వీనివలననే గదా. కాని మూల్య మొకటి చెల్లింపవలసివచ్చెను. బాలుడు బడిలో నేర్చినది యింట బనికి రాలేదు. ఇంట నేర్చినదానికి బడిలో మార్కు లేదు. తండ్రి గీసిన మకరతోరణమును దీసికొనివచ్చి గురువునకు జూపుటకు సిగ్గుపడిన బాలుని మనస్సు నూహింపుడు. కులవృత్తి చెడినది యంత్రమువలన నని మన సభలలో దఱచుగా జెప్పుదురు. ఆ సిగ్గువలనను సగము చెడినదని మా యభిప్రాయము.

ఈ దోషమును గనిపెట్టిన యాంగ్లేయులును గలరు. 1884లో మదరాసు కళాశాలకు వచ్చిన హావెలుదొర జిల్లాలు దిరిగి చేతిపనులను బరిశీలించి నివేదికలు వ్రాసెను. పిదప 1896లో గలకత్తాకు బోయి, కొంతకాలమునకు ఆచటి చిత్రశాలలోని ఐరోపా చిత్రములను దొలగించి మొగలు చిత్రములను బెట్టించెను. అపుడు కోపించినవారు బంగాళీ విద్యార్థులే! దొరల విద్యను మాకు దక్కకుండ జేయుచున్నాడని వారి సందేహము. అది బొత్తిగా నిష్కారణమని మేము చెప్పలేము. ఉద్యోగములు ఏ విద్యకు దొరకునో యా విద్యనే జనులు గోరుదురు. మదరాసున హావెలు తరువాతి కాలమున ఆల్ఫ్రెడు చాటర్టను 1898 ప్రాంతమున అల్యూమినియము పాత్రల తయారీని బ్రవేశపెట్టెను. తేలికయు, చవుకయు నగు నా పాత్రలు మన కంచరివారి యిత్తడి బిందెల నెంత దెబ్బదీసినవో వేఱుగ వ్రాయనక్కఱలేదు. కళాపాఠశాల ప్రయోగమే కళాకారుని యన్నమును దగ్గించెనన్న విపరీత మది. ఆ పిమ్మట నధికారియైన హ్యాడవే దక్షిణదేశపు లోహపుబనులమీద 1913లోను, కలంకారీ అద్దకములమీద 1917లోను చక్కని పటములతో గ్రంథములు బ్రకటించెను. మనవారి యిండ్లలో నా గ్రంథము లుండవలసినవి. 1929లో దేవీప్రసాదు రాయ్ చౌధురిగారు ఆ కళాశాలకు దొలి భారతీయ ప్రధానాచార్యులై 1957 వఱకు నుండిరి. తెలుగుదేశమునుండి వెళ్లి యాయన శిష్యులైన అంట్యాకుల పైడిరాజుగారు విజయనగరమున జిత్రకళాపాఠశాల నెలకొల్పిరి.

తెలుగునాట బడిపిల్లల చిత్రకళకు నిజముగా బ్రాణము పోసినది మాత్రము ప్రభుత్వపు పాఠక్రమము గాదు. ఒక్క యుపాధ్యాయుని యభిరుచి. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలు 1919 వఱకు ప్రధానాచార్యుడుగా నున్న ఆస్వాల్డు కూల్డ్రే దొర ఆంగ్లసాహిత్యము జెప్పెడివాడు. చిత్రలేఖన మాయన యుద్యోగము గాదు. అయినను దీరిక వేళలందు గోదావరి గట్టున బాలురను వెంటబెట్టుకొని చిత్రములు గీయించెను. అజంతా గుహలను జూపించెను. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నముగార్లు ఆ చేతిక్రింద బెరిగినవారే. 1897లో జన్మించిన రామారావుగారిని గూల్డ్రే ప్రోత్సాహముననే 1916లో బొంబాయి పాఠశాలకు బంపిరి. ఆయన తిరిగివచ్చి రాజమహేంద్రవరమున జిత్రకళాపాఠశాలను స్థాపించి, యిరువదెనిమిదేండ్లు నిండకయే 1925లో మశూచికముచే గతించెను. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖకులే యగుట, ఆ యింట గుంచె పురుషుల సొత్తు గాలేదనుటకు సాక్ష్యము. వెంకటరత్నముగారు పాఠశాలను నిలబెట్టిరి. ఇంతచేసి, ఆ గురువునకు బాఠక్రమము లేదు, పరీక్ష లేదు, జీతములో నొక్క రూపాయి యెక్కువ లేదు.

బందరునందు 1910లో వెలసిన యాంధ్ర జాతీయకళాశాల మఱియొక త్రోవ ద్రొక్కెను. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్లు సంకల్పించిన యా విద్యాలయమున, అక్షరవిద్యతో బాటు వడ్రంగము, కమ్మరము, నేత మొదలగు పనులును బోధింపబడినవి. చదువుకొనువాడు పనిచేయవలెను, పనిచేయువాడు చదువుకొనవలెను అను సూత్రము తెలుగునాట నుచ్చరింపబడిన తొలిచోట్లలో నది యొకటి. 1920వ దశకమున బంగాళమునుండి ప్రమోదకుమార ఛటర్జీగారు వచ్చి చిత్రకళ నేర్పిరి. బాపిరాజుగారు వారియొద్దను నేర్చిరి. మన విశ్వకర్మ బాలురకు దమ తండ్రుల పనిముట్లు తరగతిగదిలో గానవచ్చుట యెంత గౌరవమో యూహింపవచ్చును. అయితే జాతీయవిద్యాలయములకు బ్రభుత్వపు గుర్తింపు లేదు. గుర్తింపు లేనిచో నుద్యోగము లేదు. ఆ పాఠశాలల దీపము సన్నగిల్లుటకు అదియు నొక కారణము. 1937లో వార్ధాయందు గాంధీమహాత్ములు ప్రతిపాదించిన చేతిపని ప్రధానమగు విద్యయు నట్లే యయ్యెను. చేతిపని బీదపిల్లలకు, పుస్తకము కలవారిపిల్లలకు అను భేదము జనుల మనస్సులనుండి పోలేదు.

నైజాము రాష్ట్రమున హైదరాబాదునందు 1940లో స్థాపింపబడిన ప్రభుత్వ కళాపాఠశాల, 1972లో జవాహరులాలు నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమున జేరి, 2008లో వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమైనది. కాని యది ఇంటర్మీడియటు దాటినవారి ద్వారము. మా ప్రసంగము అంతకు ముందటి ప్రాయమును గూర్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప నొక్క మంచి యవకాశము గలిగెను. 1952–53లో ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతన గూర్చున్న మాధ్యమికవిద్యా సంఘమువారు, ఉన్నత పాఠశాలలలో నేడు శాఖలుండవలెననిరి. అందు శాస్త్రము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయాదులతో సమానముగా లలితకళల శాఖ యొక్కటి. పదునాలుగేండ్ల బాలుడు గణితమునకు బోయినట్లే చిత్రకళకును బోవచ్చునని తొలిసారి పెద్దలు వ్రాసిరి. ప్రతి విద్యార్థియు నొక చేతిపని నేర్వవలెననియు వ్రాసిరి. మల్టీపర్పసు హైస్కూళ్లు పుట్టినది యప్పుడే. మన పట్టణములలో గొన్ని పాఠశాలల పలకలపై నా పేరు చిరకాలము నిలిచినది. పేరు నిలిచినంతగా లలితకళల శాఖ నిలువలేదు. శాస్త్రశాఖకు బ్రయోగశాల కట్టిన యూళ్లు, చిత్రశాలకు గిటికీ వెలుతురుగల గది యొక్కటి కట్టలేకపోయినవి. 1964–66 నాటి కొఠారీ సంఘమువారును కళావిద్య యుపేక్షింపబడుచున్నదని విచారించిరి. విచారము వ్యక్తపఱచుట యప్పటినుండి యలవాటైనది.

నేటి స్థితి యేమి? 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో, ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో నూఱుమందికి మించిన పిల్లలున్న పాఠశాలకు గళావిద్య, వ్యాయామము, పనివిద్యల నేర్పుటకు బోధకు లుండవలెనని యున్నది. ఉండవలసినవారు పార్టుటైము బోధకులు! గణితమునకు పూర్తికాలపు గురువు, గీతకు అరకాలపు గురువు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను ప్రభుత్వ పరీక్షల శాఖలవారు డ్రాయింగు, చేనేత, కుట్టుపని విషయములలో లోయరు, హయ్యరు గ్రేడుల పరీక్షలు జరుపుచున్నారు. మదరాసు నాటి పరీక్షల వంశమే యిది. ఇందు గెలిచినవారు వేసవి శిక్షణమును బొంది డ్రాయింగు ఉపాధ్యాయపదవికి అర్హత సంపాదించుచున్నారు. మహారాష్ట్రమున ఎలిమెంటరీ, ఇంటర్మీడియటు డ్రాయింగు పరీక్షలకు బడిపిల్లలు వేలకువేలుగా గూర్చుండెదరు. ఇంటర్మీడియటునందు శ్రేణి బొందినవారికి పదవతరగతి ఫలితములలో నదనపు మార్కులు గలవు. అందుచే నచ్చటి తలిదండ్రులు పిల్లవానిచేతి కుంచెను లాగికొనరు. మనవారు లాగికొనుచున్నారు.

కేంద్ర మాధ్యమిక విద్యామండలివారి పదునొకండు, పండ్రెండు తరగతులలో వర్ణచిత్రము, శిల్పము, ముద్రణచిత్రము, వాణిజ్యకళ ఐచ్ఛిక విషయములుగా నున్నవి. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు మన దేశపు సజీవ చేతిపనులను గూర్చి యా తరగతులకే పాఠ్యపుస్తకములు వ్రాయించిరి. కమ్మరి, కుమ్మరి, నేతగాడు పాఠ్యపుస్తకమున విద్యావంతులుగా వర్ణింపబడుట మేమెఱిగినంతలో నిదే మొదలు. ఆ పుస్తకములను దెప్పించి చదువుడని మన వసతిగృహముల నిర్వాహకులను బ్రార్థించుచున్నాము. ఆ విషయమును బోధించు పాఠశాలలు మన ప్రాంతమున నరుదైనను, పుస్తకమును జదువుటకు నెవరి యనుమతియు నక్కఱలేదు.

మన వృత్తులకు మిక్కిలి సన్నిహితమైనది తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర సాంప్రదాయిక శిల్పశిక్షణ సంస్థ. తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1960లో దీనిని స్థాపించిరి. పదవతరగతి గెలిచిన విద్యార్థి యిందు నాలుగేండ్లు డిప్లొమా చదువవచ్చును. ఆలయనిర్మాణము, శిలాశిల్పము, సుధాశిల్పము, లోహశిల్పము, దారుశిల్పము, సాంప్రదాయిక చిత్రలేఖనము అని శాఖలు. తాళమానము తరగతిగదిలో నల్లబల్లమీద వ్రాయబడు చోటిది. మహాబలిపురమున 1957లో వెలసిన శిల్పవిద్యాలయమునకు గణపతి స్థపతిగారు చిరకాలము ప్రధానాచార్యులై యుండిరి. ఇట్టిచోట్ల వంశపారంపర్యపు విద్యకు, ప్రభుత్వపు పట్టమునకు జగడము తీరినది. అయినను, ఇవి పదవతరగతి పిదప దెఱచుకొను తలుపులే.

రూపకల్పన విద్య సంగతియు నిట్టిదే. 1958లో చార్లెసు ఈమ్సు, రే ఈమ్సు అను నమెరికా దంపతులు మన ప్రభుత్వపు కోరికపై దేశమంతయు దిరిగి యొక నివేదిక వ్రాసిరి. తాము చూచిన వస్తువులన్నిటిలో వారు మిక్కిలి మెచ్చినది మన చెంబు. అది యెంత నీరు పట్టవలెను, నడుముపై నెట్లు నిలువవలెను, వంచినపుడు నీరెట్లు జాఱవలెను, తోముటకు జేయి లోనికెట్లు పోవలెను, దాని బరువెంత, వెలయెంత అని ప్రశ్నలపై ప్రశ్నలు వేసి, ఏ యొక్కరును గాక తరతరముల పనివాండ్రు దీనిని దీర్చిరని తేల్చిరి. ఆ నివేదిక ననుసరించి 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ నెలకొన్నది. 2015లో ఆంధ్రప్రదేశమునకును అట్టి సంస్థ వచ్చినది. కంచరివాని చెంబు పునాదిగా గట్టిన విద్యాలయమునకు గంచరివాని మనుమడు పోవుటకు ప్రవేశపరీక్ష యున్నది. పరీక్షలో నడుగునది గీత, గమనిక, ఊహ. వీనికి శిక్షణమిచ్చు కేంద్రములు మహానగరములలో నున్నవి, రుసుములు మెండు. చిన్నయూరి హైస్కూలున డ్రాయింగు మాష్టరు లేకున్న, ఆ బాలుడు పరీక్ష పేరైన వినడు.

2023 సెప్టెంబరు 17వ తేదీన బ్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమును మనవారు సహజముగానే యుత్సాహముతో నాహ్వానించిరి. పదునెనిమిది వృత్తులవారికి శిక్షణము, శిక్షణదినములకు భత్యము, పనిముట్లకై 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి ఋణము లభించును. మంచిదే. కాని దానియందు జేరుటకు 18 ఏండ్లు నిండవలెను. చేయి వంగు ప్రాయము పండ్రెండు. పథకము వచ్చు ప్రాయము పదునెనిమిది. నడుమ నాఱేండ్లు ఉన్నత పాఠశాలలో గడచును. ఆ యాఱేండ్లలో బిడ్డ గీత మఱచినచో, పదునెనిమిదవ యేట బనిముట్ల పెట్టె చేతికి వచ్చియు నేమి లాభము?

2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానమున నొక చిన్న వాక్యము మనకై వ్రాసినట్లున్నది. ఆఱు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు ఏదేని సమయమున పదిదినములు పుస్తకపుసంచి లేక, స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మున్నగువారియొద్ద బని నేర్వవలెనట. నూటడెబ్బదియేండ్లుగా బడినుండి పనిశాలకు ద్రోవ లేకపోగా, ఇప్పుడు కాగితముమీద త్రోవ వేయబడినది. ప్రధానోపాధ్యాయుడు మన గుమ్మములోనికి వచ్చువఱకు వేచియుండనేల? పెంబర్తి యిత్తడిపనివారును, ఆళ్లగడ్డ, దుర్గి శిల్పులును తమ తమ మండలపు పాఠశాలలకు దామే ముందుగా వర్తమానము పంపవచ్చును. వచ్చిన పిల్లలు మన కులపువారే కానక్కఱలేదు. ఆడుపిల్లలకు వేఱు పని యని చీపురు చేతికియ్యక, ఉలి యియ్యవలెను.

పోషకులకు మా విన్నపము స్వల్పము. కల్యాణమంటపములకు మీరిచ్చు విరాళములలో గొంచెము, మన వసతిగృహములలో నాదివారము డ్రాయింగు తరగతి నడుపుటకును, లోయరు గ్రేడు పరీక్ష రుసుములకును, తిరుపతి విద్యాలయమున జేరు పేదబిడ్డల పుస్తకములకును వినియోగింపుడు. మఱియొక్కటి, సొమ్ముతో బనిలేనిది. మన వృద్ధుల పెట్టెలలో అచ్చులు, తాటాకులు, నమూనాలు గీసిన చిట్టాపుస్తకములు, మైనపు మూసలు నింకను గలవు. వానిని పాతసామానువానికి వేయకుడు. ఛాయాచిత్రములు దీసి, గీసినవారి పేరు, ఊరు, వృత్తి, రమారమి కాలము వెనుక వ్రాసి సభాకార్యాలయమునకు బంపినచో, వచ్చు సంచికలో వానిని ముద్రించి ప్రతులను మన ప్రాంతపు హైస్కూళ్ల డ్రాయింగు గదులకు జేర్పగలము. మూల ప్రతులు మీయొద్దనే యుండును.